నువ్వు కొనబాక, పక్కనోడిది చెడగొట్టబాక!

మాది ఉదయగిరి వైపు. ఆ పేరు చెప్తే చరిత్ర చదువుకున్నోళ్ళకి దుర్గం గుర్తొస్తుంది, శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి చుట్టుముట్టి 1514లో గజపతుల చేతిలోంచి లాక్కున్న కోట. ఇంకొందరికి చెక్క గరిటెలు గుర్తొస్తాయి, వాటికి జీఐ గుర్తింపు కూడా ఉంది. మాకు మాత్రం ఎండిపోయిన బోర్లు, బెంగుళూరు బస్సు గుర్తొస్తాయి. ఈమధ్య వాటికి ఇంకోటి తోడయింది: వెంచర్!

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా రంగు జెండాలు, సిమెంటు రాళ్ళు, ఒక ఆర్చి. ఆర్చి వెనకాల నిన్నటిదాకా మేకలు మేసిన బీడు. మన నెల్లూరోళ్ళ లెక్క అంకణాల్లో కదా (తెలీనివాళ్ళ కోసం: ఒక అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు). 25 అంకణాల ప్లాటంటే 200 గజాలన్నమాట. ఇప్పుడు మా బంధువుల్లో ఏ ఇద్దరు కలిసినా "అంకణం ఎంత పలుకుతా ఉంది?" అనే మాటతోనే మొదలవుతుంది.

దీనికి కారణం లేకపోలేదు. 2025 మే 28న కేంద్ర మంత్రివర్గం బద్వేలు-నెల్లూరు నాలుగు వరసల రహదారికి ఆమోదం ఇచ్చింది. కడప జిల్లా గోపవరం దగ్గర మొదలై కృష్ణపట్నం పోర్టు జంక్షన్ దాకా 108.134 కిలోమీటర్లు, ఖర్చు 3,653.10 కోట్లు. పోర్టుకి ఇప్పుడున్న 142 కిలోమీటర్ల దూరం 108కి తగ్గుతుంది. దానికి ముందే 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి రైల్వే లైను ఉంది. సుమారు 309 కిలోమీటర్ల ఆ లైను కూడా మా పడమటి నెల్లూరు మీదుగానే పోవాలి. పదేళ్ళకి పైగా ముక్కలు ముక్కలుగా నడుస్తూనే ఉంది పని. అంటే రోడ్డు నిజమే, రైలూ నిజమే. కాకపోతే రోడ్డు నిజమైనంత మాత్రాన ఆ రోడ్డు పేరు చెప్పి అమ్మే ప్లాటు నిజమైపోదు. ఈ రెంటికీ మధ్య బోలెడు కాగితాలున్నాయి. ఆ కాగితాల గురించి అడిగితే ఏమవుతుందో చెప్పడానికే ఈ టపా.

ఆమధ్య ఊరెళ్ళినప్పుడు ఆత్మకూరులో మా దగ్గరివాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. అక్కడ వరసకి మామ అయ్యే ఒకాయన బ్రోచర్లు పంచుతున్నాడు. ఆయన గవర్నమెంటు బళ్ళో అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ కూర్చున్న సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఒక వెంచర్‌కి ఏజెంటు. (ఎవరు, ఏ వెంచర్ అనేది ఇక్కడ అనవసరం.) సరే, చేతిలో పెట్టాడు కదా అని చదివా. ఆర్చి బొమ్మ ఉంది, ఈత కొలను బొమ్మ ఉంది, ఫారినర్ ఫ్యామిలీ ఫోటో ఉంది. నంబర్ అన్నది మాత్రం ఒకటే ఉంది, ఆయన ఫోన్ నంబరు :)

"మామా, లేఅవుట్ అప్రూవల్ నంబరు ఎంత? రెరా నంబరు ఉందా? సర్వే నంబర్ చెప్తే 22ఏలో ఉందేమో ఇప్పుడే చూస్తా" అన్నా.

"అబయా, నువ్వు బెంగుళూరులో ఉండేవోడివి. ఈడి భూముల సంగతి నీకేం తెలుసు?"

"తెలీకనే కదా మామా అడుగుతుండా."

"నీకిష్టం లేకపోతే నువ్వు కొనబాక. పక్కనోడిది చెడగొట్టబాక!"

ఆయన గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ తర్వాత ఆయన మాట్లాడాల్సిన అవసరమే రాలేదు, మిగతావాళ్ళే అందుకున్నారు. ఒకాయన "సాఫ్ట్‌వేరోళ్ళకి అన్నిట్లో అనుమానమే" అన్నాడు. రెండు ప్లాట్లు కొనేసిన ఇంకొకాయనకైతే నిజంగానే కోపం వచ్చింది, "మంచి రోజు పూట ఇట్టాంటి నెగెటివ్ మాటలేంది?" అని. చివరికి మా నాయన "పెద్దోళ్ళ ముందర ఏందిరా ఆ మాటలు? లే పో, ఆడ వడ్డిస్తుండారు చూడు" అన్నాడు. వెళ్ళి సాంబారు బకెట్టు అందుకున్నా.

బెంగుళూరు వచ్చాక ఆలోచిస్తే నాకు విచిత్రంగా తోచింది ఏంటంటే, నేను అడిగింది మూడు నంబర్లు. ఉన్నాయి అనొచ్చు, లేవు అనొచ్చు, రేపు చెప్తా అనొచ్చు. ఈ మూడింట్లో ఏదీ అనకుండానే సభ మొత్తానికి నేను తప్పు చేసినవాడినైపోయా. భూమి గురించి వెయ్యాల్సిన ప్రశ్నని నా పెంపకం గురించిన ప్రశ్నగా మార్చేశారు. బెదిరింపుల్లేవు, లాయరు నోటీసుల్లేవు. మన దగ్గర నోరు మూయించడానికి వరస చాలు.

అందులోనూ గమనించాల్సింది ఏజెంటుని కాదు, అప్పటికే కొన్న ఆ పెద్దమనిషిని. ఆయనకి కమీషన్ రాదు. అయినా ఏజెంటుకంటే ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకంటే ఆయన ప్లాటు విలువ, తర్వాత వచ్చేవాడు ఎంత నమ్మకంగా కొంటాడన్న దాని మీద ఉంది. అనుమానం ఒక్కటి బయటికొస్తే ఆయన రేటు పడిపోద్ది. అంటే ప్లాటు కొన్న రోజు నుంచి ఆయన జీతం లేని కాపలాదారు. వెంచర్ సగం అమ్ముడయ్యేసరికి ఊళ్ళో సగం మంది కాపలాదార్లే. ఇక మిగతా సగానికి నిజం చెప్పేదెవరు? ఈ ఏర్పాటు ఎంత బాగా పనిచేస్తుందంటే ఏజెంట్ల వాట్సాప్ గ్రూపులు చూడండి, దాదాపు అన్నీ "అడ్మిన్లు మాత్రమే పంపగలరు" సెట్టింగులోనే ఉంటాయి. రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మ, దాని కింద ఆఫర్!

మన ఫీల్డులో అయితే కోడ్ రివ్యూలో తప్పు చూపినవాణ్ణి ప్రాజెక్టుకి శత్రువు అనరు. (మనసులో అనుకుంటారేమో గానీ, పైకి అనరు.) బగ్ పెట్టినందుకు టెస్టర్‌ని "నువ్వు వాడబాక, వాడేవోడిది చెడగొట్టబాక" అంటే ఆ రిలీజు ఎట్టా ఉంటుందో మీకు తెలుసు. జీవితంలో ఒక్కసారి, ఇరవయ్యేళ్ళ సంపాదన పెట్టి కొనే వస్తువుకి మాత్రం టెస్టింగే వద్దంటాం.

ఇంతకీ ఆ నంబర్లు ఎందుకంత ముఖ్యం అంటారా? మా వైపు భూముల చరిత్ర అట్టాంటిది. ఒకటి, డీకేటీ పట్టాలు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి ఇంకొకరికి అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. 2023లో ఇరవై ఏళ్ళు దాటినవాటికి సడలింపు తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, అట్టా విడిపించిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలెట్టారు. రెండు, చుక్కల భూములు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో హక్కుదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి. వీటి కోసం 2017లో ఒక చట్టం తెచ్చారు. 2023 మే 12న అప్పటి ముఖ్యమంత్రి మా జిల్లా కావలికే వచ్చి, రాష్ట్రం మొత్తమ్మీద రెండు లక్షల ఎకరాలకి పైగా చుక్కల భూములకి హక్కులిస్తున్నామని ప్రకటించారు. అంటే అంతకాలం అన్ని లక్షల ఎకరాలు రిజిస్ట్రేషన్ కాని స్థితిలో ఉన్నట్టేగా! ఇట్టాంటి భూములన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. కంటికి చూస్తే పక్క చేనుకీ దీనికీ తేడా తెలీదు. అదే మట్టి, అదే రోడ్డు. తేడా సర్వే నంబర్లో ఉంటుంది. దాన్నే అడగొద్దంటారు.

మూడోది రెరా. 2016 నాటి కేంద్ర చట్టం, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ప్లానింగ్ ఏరియాలో 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ని రెరాలో రిజిస్టర్ చెయ్యకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ఆ ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. లేకపోతే రోజుకి పదివేలు, ఆ అమ్మకం విలువలో 5 శాతం దాకా జరిమానా. అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చెయ్యకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. బ్రోచర్లో ఉన్న అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టినవాడికి పరిహారం అడిగే హక్కుంది. నేనడిగిన నంబర్లు నా తెలివితేటలు కావు. ఆయన అడక్కుండానే చూపించాల్సినవి.

ఇక్కడ మా మామని దొంగని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయనకి పెన్షన్ వస్తుంది, ఇల్లుంది. పైవాళ్ళు చెప్పింది నమ్మాడు, తనూ ఒక ప్లాటు కొన్నాడు, తర్వాత చుట్టాలకి చెప్పాడు. అగ్రిగోల్డ్ ఇట్టాగే కదా నడిచింది! ప్లాటో డబ్బో ఇస్తామని 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల దాకా వసూలు చేసి 2014-15లో చేతులెత్తేసింది. ఆ డబ్బు వసూలు చేసింది విజయవాడ నుంచి వచ్చిన కొత్త మనుషులు కాదు. వీధిలో టైలరు, కిరాణా కొట్టాయన, డ్వాక్రా గ్రూపులో అక్క. వాళ్ళని అడగడమంటే అవమానించడమే అనిపించేది. తీరా మునిగాక జనం ఇళ్ళ మీద పడింది కూడా ఆ ఏజెంట్ల మీదే. ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ముందే ఎవరో ఒకరు గట్టిగా అడిగి, వినేవాళ్ళుండి ఉంటే, డిపాజిటర్లకంటే ముందు ఆ ఏజెంట్లే బాగుపడేవాళ్ళు. ప్రశ్న ఏజెంటుకి శత్రువు అనుకోవడం ఆయనకి కూడా నష్టమే.

పెద్ద స్థాయిలో కూడా ఇదే కథ. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజధాని దొనకొండే అని గాలి లేచింది. మాకు పక్క జిల్లానే. ప్రకాశం జిల్లా పడమటి భాగంలో భూముల ధరలు ఎగిరి కూర్చున్నాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 4న శాసనసభలో విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అని ప్రకటన వచ్చింది. అప్పటిదాకా "ఇంకా ఏదీ తేలలేదు కదా" అన్నవాడు పిరికివాడే. అమెరికాలో అయితే రియల్టర్ల జాతీయ సంఘానికి ప్రధాన ఆర్థికవేత్తగా ఉన్న డేవిడ్ లెరియా ఇళ్ళ ధరలు పెరుగుతూనే ఉంటాయని ఏకంగా పుస్తకాలే రాశాడు. 2007లో ఆ ఉద్యోగం వదిలాడు, ఆ తర్వాత మార్కెట్ కుప్పకూలింది. ఆశాజనకంగా మాట్లాడమని తన మీద ఒత్తిడి ఉండేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అమ్మేవాళ్ళ జీతం మీద బతికే నిపుణుడికి కూడా నోరుండదన్నమాట.

మళ్ళీ ఆత్మకూరుకి వస్తా. ఆ రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక మాకు పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ పెరట్లోకి పిలిచింది. భర్త కువైట్‌లో పోయాడు, వచ్చిన డబ్బులు బ్యాంకులో ఉన్నాయి, కూతురి పెళ్ళి ఉంది. "నాయనా, నువ్వు పొద్దున అడిగినయ్యి ఏందో నాకొక కాయితం మీద రాసియ్యి" అంది. అప్పటికే ఆ వెంచర్లో లక్ష అడ్వాన్సు కట్టేసిందట. రాసిచ్చా. రెండు వారాలు తిరిగితే గానీ సర్వే నంబర్లు చెప్పలేదు. నేనిక్కడ ఆన్‌లైన్లో చూశా. రెండు నంబర్లలో ఒకటి నిషేధిత జాబితాలో ఉంది, డీకేటీ. మామని అడిగితే "రేపోమాపో క్లియరైపోద్ది" అన్నాడట. మిగతా డబ్బు కట్టనని, అడ్వాన్సు తిరిగిమ్మని ఆవిడ గట్టిగానే అడిగింది. "నీ ప్లాటు ఇంకొకరికి అమ్మినాక ఇస్తా" అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ నాకు ఫోన్ చేసి ఏమన్నదో తెలుసా? "నాయనా, ఆ నంబరు సంగతి ఎవరికీ చెప్పబాక. ఎవరైనా కొంటేనే గదా నా లచ్చ నాకొచ్చేది."

నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. ఆవిడ చెడ్డది కాదు. ఆ లక్ష ఆవిడకి చాలా పెద్ద మొత్తం. కానీ ఆ డబ్బు వెనక్కి రావాలంటే ఇంకెవరో తెలియక దిగాలి. నిన్నటిదాకా మోసపోబోయిన మనిషి ఇవ్వాళ్టి నుంచి నిజాన్ని దాచాల్సిన మనిషైంది. ఇంతకంటే గట్టి తాళం ఏ లాయరు వెయ్యగలడు? చివరికి నేను ఆవిడ పేరు ఎక్కడా ఎత్తకుండా, నన్ను అడిగినవాళ్ళందరికీ ఆ సర్వే నంబరు చెప్పాను, సొంతంగా చూసుకోమన్నాను. ఆవిడకి మాత్రం రెరాలో ఫిర్యాదు కాగితాలు తయారు చేసి పెట్టా. సంతకం పెట్టడానికి ఇంకా వెనకాడుతోంది. "మామ మీద కేసు పెట్టిందని అంటారు" అని.

మామూలుగా మనవాళ్ళు ఇంకో భయం చెప్తారు: "పరువు నష్టం దావా వేస్తే?" ఈ భయం ఉత్తదేం కాదు. 2016లో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం చట్టం చెల్లుతుందనే చెప్పింది. అప్పటి ఐపీసీ 499, 500 సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా మారాయి. అయితే అందులోనే మినహాయింపులున్నాయి. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం, తన లేదా ఇతరుల ప్రయోజనం కాపాడుకోడానికి సదుద్దేశంతో చెప్పిన మాట, ఎదుటివాడి మంచి కోసం చేసిన హెచ్చరిక, ఇవి నేరం కావు.

ఈ విషయంలో మనందరం తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. ముంబైలో కొందరు ఫ్లాట్ల యజమానులు నీళ్ళ సమస్య, లిఫ్టు సమస్య, రోడ్డు బాలేదు, సొసైటీ ఏర్పాటు చెయ్యలేదు అంటూ బిల్డర్‌కి వ్యతిరేకంగా బ్యానర్ కట్టారు. బిల్డర్ క్రిమినల్ పరువునష్టం కేసు వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 ఏప్రిల్ 17న జస్టిస్ కె.వి.విశ్వనాథన్, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం ఆ కేసు కొట్టేసింది. అమ్ముకునే హక్కు అమ్మేవాడికి ఉన్నట్టే, శాంతియుతంగా నిరసన చెప్పే హక్కు కొన్నవాడికీ ఉందని తేల్చింది. కోర్టు ప్రత్యేకంగా గమనించిన విషయం ఏంటంటే, ఆ బ్యానర్లో ఎక్కడా మోసం, దగా లాంటి మాటల్లేవు. ఉన్న ఇబ్బందుల్ని మర్యాదగా వరస పెట్టి రాశారు, అంతే.

నాకు ఇది చాలా నచ్చింది. "ఫలానావాడు దొంగ" అంటే అది మన అభిప్రాయం, గొడవకి దారి. "ఫలానా సర్వే నంబరు ఫలానా తేదీన నిషేధిత జాబితాలో కనిపించింది" అంటే అది ఎవరైనా చూసుకోగలిగిన విషయం. మొదటిది కోపం తీరడానికి, రెండోది పక్కనోడికి పనికిరావడానికి. మనం రెండోదే చేద్దాం.

ఊళ్ళో మనలాంటి ఉద్యోగస్తుల మాటకి ఒక విలువుంది. నిజానికి వెంచర్లన్నీ నడిచేది మన జీతాల మీదే, "బెంగుళూరు పిల్లోడు రెండు ప్లాట్లు తీసుకున్నాడు" అనే మాట మీదే. కాబట్టి ఎవరైనా బ్రోచర్ చేతిలో పెడితే, కొన్నా కొనకపోయినా నలుగురి ముందు ఆ మూడు నంబర్లు అడగండి. ఈసీ, నిషేధిత జాబితా రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఉన్నాయి, అడంగల్ మీభూమిలో ఉంది. అన్నీ కలిపి పావుగంట పని. కాగితాలు సరిగ్గా ఉన్న వెంచర్‌కి మన ప్రశ్న వల్ల పోయేదేం లేదు, పైగా నాలుగు ప్లాట్లు ఎక్కువ అమ్ముడవుతాయి.

మామ నాతో మాట్లాడటం మానేశాడు. మా నాయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు గానీ, మొన్న ఫోన్లో "ఒరే, ఆ 22ఏ అనేది ఎట్టా చూడాలో ఇంకోసారి చెప్పు, మన వీధిలో ఒకాయన అడుగుతుండాడు" అన్నాడు. చెప్పాను. మీ నాయనకి కూడా చెప్పి పెట్టండి.